టోపీకాలో పన్నుల బేరం



గవర్నరు అనగానే మనకు రాజ్‌భవన్ గుర్తొస్తుంది, బడ్జెట్ సమావేశాల మొదటి రోజు ప్రసంగం గుర్తొస్తుంది. పన్నుల విషయంలో మన గవర్నరుకు ఉన్న పాత్ర చాలా చిన్నది. రాజ్యాంగం 207వ అధికరణం ప్రకారం పన్ను విధించే బిల్లు ఆయన సిఫార్సుతోనే సభ ముందుకు రావాలి. ఆ సిఫార్సు మంత్రివర్గం చెప్పినట్టే ఉంటుంది. ఇక 200వ అధికరణం చూస్తే, ద్రవ్య బిల్లును మళ్లీ ఆలోచించమని తిప్పి పంపే అధికారం కూడా ఆయనకు లేదు. అందుకే, పన్ను ఎంత ఉండాలో గవర్నరు శాసనసభ్యులతో కూర్చుని బేరమాడాడంటే మన చెవికి వింతగా ఉంటుంది.

అమెరికాలో సంగతి వేరు. అక్కడి గవర్నరు చేసేది మన ముఖ్యమంత్రి పని. కానీ ఆయన్ని జనం నేరుగా ఎన్నుకుంటారు. ఆయన సభలో సభ్యుడు కాడు. సభలో తన పార్టీవాళ్లే ఎక్కువమంది ఉన్నా, వాళ్లు తన మాట వినాలన్న నియమం లేదు. పార్టీ మాట కాదని ఓటేస్తే సభ్యత్వం పోయే చట్టం అక్కడ లేదు మరి. సభ పంపిన బిల్లు నచ్చకపోతే గవర్నరు వీటో చేస్తాడు. చాలా రాష్ట్రాల్లో రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది పట్టుబడితే ఆ వీటో కూడా చెల్లదు. ఇలాంటి ఏర్పాటులో ఎవరి పనీ ఒంటిచేత్తో సాగదు. కూర్చోవాలి, అడగాలి, కొంత వదులుకోవాలి.

ఆ కూర్చోవడం సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో ఈ పూట కాన్సాస్ రాష్ట్రం కథలో చూద్దాం.

కాన్సాస్ అమెరికా నడిబొడ్డున ఉంటుంది. జనాభా సుమారు 29 లక్షలు, అంటే మన పెద్ద జిల్లా ఒకదానికి సరిపోతుంది. గోధుమ పొలాలు, విచిటా నగరంలో విమానాల కర్మాగారాలు, కాన్సాస్ సిటీ శివార్లలో ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేత లాంటి ఊళ్లు. ఆ శివార్లలో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. రాజధాని టోపీకా. ప్రతినిధుల సభలో 125 మంది, సెనేట్‌లో 40 మంది. బిల్లు గట్టెక్కాలంటే దిగువ సభలో 63, సెనేట్‌లో 21 ఓట్లు కావాలి. వీటోను తోసిపుచ్చాలంటే 84, 27 కావాలి. ఈ నాలుగు అంకెలు కాస్త గుర్తుంచుకోండి.

మన కథలోని గవర్నరు సామ్ బ్రౌన్‌బ్యాక్, రిపబ్లికన్. అంతకుముందు ఆయన వాషింగ్టన్‌లో సెనేటర్. 2010లో గవర్నరుగా గెలిచారు. పన్నులు తగ్గిస్తే వ్యాపారాలు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి, తగ్గించిన పన్ను ఆ ఎదుగుదలలోంచే తిరిగి ఖజానాకు చేరుతుందన్నది ఆయన నమ్మకం. ఆ సిద్ధాంతానికి పెద్ద పేరు ఆర్థర్ లాఫర్. ఆయన్ని సలహాదారుగా పిలిపించారు, ఫీజు 75,000 డాలర్లు. 2012 జనవరిలో గవర్నరు తన ప్రణాళికను సభ ముందు పెట్టారు. ఆదాయపు పన్నులో మూడు శ్లాబులు రెండవుతాయి. పై రేటు 6.45 శాతం నుంచి 4.9కి దిగుతుంది. పరిమిత బాధ్యత సంస్థలు (ఎల్‌.ఎల్‌.సి.లు), భాగస్వామ్య సంస్థలు, సొంత వ్యాపారాల యజమానులకు ఆ వ్యాపారం మీద వచ్చే లాభంపై రాష్ట్ర ఆదాయపు పన్ను అసలే ఉండదు.

అయితే న్యాయంగా చెప్పాలంటే, ఆయన మొదటి ప్రణాళికలో లోటు పూడ్చుకునే దారి కూడా ఉంది. ఇంటి రుణం వడ్డీ మీద మినహాయింపులాంటివి ఎత్తేస్తామన్నారు. త్వరలో తగ్గాల్సిన అమ్మకం పన్నును తగ్గించకుండా ఉంచుతామన్నారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో కొంత తీసుకోవడం. మంచిదో చెడ్డదో, లెక్కంటూ ఒకటి ఉంది.

సభలోకి వచ్చాక ఆ రెండో చెయ్యి మాయమైంది. మినహాయింపులు ఎత్తేస్తే ఓటర్లు ఊరుకుంటారా? ఒక్కొక్కటీ తిరిగి చేర్చారు. కోతలు మాత్రం అలాగే మిగిలాయి. సెనేట్‌లో అప్పట్లో మధ్యేమార్గ రిపబ్లికన్ల మాట చెల్లేది. కాన్సాస్ రాజకీయాల్లో మూడు పార్టీలున్నాయని అక్కడివాళ్లు చెప్పేవారు: డెమోక్రాట్లు, మధ్యేమార్గ రిపబ్లికన్లు, సంప్రదాయవాద రిపబ్లికన్లు. ఇంత ఖరీదైన బిల్లు ఎలాగూ నిలవదన్న ధీమా కొందరిది. ఓటింగ్ పెడితే అటు 20, ఇటు 20 వచ్చాయి, బిల్లు వీగిపోయింది.

కథ మలుపు తిరిగింది అక్కడే. గవర్నరు కొందరు సెనేటర్లతో మాట్లాడారు. బిల్లును ముందుకు కదలనివ్వండి, రెండు సభలూ కూర్చుని దీన్ని సరిచేసుకోవచ్చు అన్న నమ్మకం వాళ్లకు కుదిరింది. మళ్లీ ఓటింగ్ పెట్టి ఆమోదించారు. అమెరికాలో ఇలా తర్వాత సరిచేసుకోవడం మామూలే. ఒక సభ ఒక రూపంలో, ఇంకో సభ మరో రూపంలో బిల్లు పాస్ చేస్తే, ఇరువైపులవాళ్లూ ఉన్న సంయుక్త సంఘం కూర్చుని రాజీ కుదురుస్తుంది. సెనేట్ పంపింది బేరానికి మొదటి మాట మాత్రమేనని సెనేటర్ల ఉద్దేశం.

కోఠీలో చీర బేరమాడేటప్పుడు మనం సగం ధర చెప్తాం. దుకాణదారు గోల పెడతాడు, చివరికి మధ్యలో ఎక్కడో తెగుతుంది. మనం చెప్పిన మొదటి మాటకే అతను “సరే, కట్టేస్తున్నా” అన్నాడనుకోండి, ఇక చీర మనదే, వద్దనడానికి లేదు. టోపీకాలో జరిగింది ఇదే. సంయుక్త సంఘంలో చిన్న కోతలతో రాజీ మాటలు నడుస్తుండగానే, స్పీకర్ మైక్ ఓనీల్ నడిపిస్తున్న ప్రతినిధుల సభ సెనేట్ బిల్లును ఉన్నదున్నట్టు ఒప్పేసుకుంది. ఇంకేముంది, బిల్లు నేరుగా గవర్నరు బల్ల మీదికి. 2012 మేలో ఆయన సంతకం చేశారు.

సెనేట్ అధ్యక్షుడు స్టీవ్ మోరిస్, ఆయన కూడా రిపబ్లికనే, తమకిచ్చిన మాట నిలబడలేదని బాధపడ్డారు. నాకైతే ఇక్కడ తప్పు ఇద్దరిదీ అనిపిస్తుంది. నిజంగా చట్టమైతే ఒప్పుకోలేని బిల్లుకు, చట్టం కాదులే అన్న ధైర్యంతో ఓటేయడం శాసనసభ్యుడు చేయాల్సిన పని కాదు. సంతకం పెట్టకుండా ఉండగలిగిన ఒకే ఒక్క మనిషి, లెక్క తప్పిన బిల్లని తెలిసీ పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. ఎందుకంటే శాసనసభ పరిశోధన విభాగం అంచనా అప్పటికే బల్ల మీద ఉంది. మొదటి సంవత్సరం 23 కోట్ల డాలర్ల పైన ఆదాయం తగ్గుతుంది, రెండో సంవత్సరం 80 కోట్లు దాటుతుంది.

ఆ ఆగస్టులో రిపబ్లికన్ పార్టీ అంతర్గత ఎన్నికలు వచ్చాయి. మధ్యేమార్గ సెనేటర్లు పలువురు ఓడిపోయారు. మోరిస్ కూడా ఓడిపోయారు. గవర్నరుకు ఎదురుచెప్పే సభ పోయి, తల ఊపే సభ వచ్చింది. కాన్సాస్ ఆర్థిక వ్యవస్థ గుండెకు ఇది అడ్రినలిన్ సూది లాంటిదని బ్రౌన్‌బ్యాక్ ఆ వేసవిలో రాశారు. ఇదొక సజీవ ప్రయోగం అని టెలివిజన్‌లో అన్నారు. ఆ ‘ప్రయోగం’ అన్న మాట ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. 2014 ఆర్థిక సంవత్సరంలో ఖజానా రాబడి దాదాపు 70 కోట్ల డాలర్లు పడిపోయింది. రుణ యోగ్యత అంచనా వేసే మూడీస్, స్టాండర్డ్ అండ్ పూర్స్ రెండూ ఆ ఏడాదే రాష్ట్రం రేటింగ్ తగ్గించాయి. రోడ్ల నిధి నుంచి డబ్బు తీసి మామూలు ఖర్చులకు మళ్లించారు. ఉద్యోగుల పింఛను నిధికి కట్టాల్సిన వాటా వాయిదా వేశారు. 2015లో కనీసం రెండు స్కూలు జిల్లాలు డబ్బు చాలక విద్యా సంవత్సరాన్ని కొన్ని రోజుల ముందే ముగించాయి. వ్యాపారులకిచ్చిన మినహాయింపు సుమారు 1,91,000 మందికి వర్తిస్తుందని మొదట చెప్పారు. తీరా చూస్తే లబ్ధిదారుల సంఖ్య 3,30,000 దాటింది. ఒక ఆఫీసులో యజమాని తన లాభం మీద రాష్ట్రానికి ఒక్క డాలరు కట్టనక్కర్లేదు, అదే ఆఫీసులో ఫోన్లెత్తే అమ్మాయి జీతం మీద పన్ను కట్టాలి. ఆర్థికశాస్త్రం ఏం చెప్పినా, ఈ సంగతి ఊళ్లలో జనానికి గట్టిగా తగిలింది.

పంటల ధరలు, చమురు ధరలు పడిపోవడం వల్ల ఈ కష్టమొచ్చిందని గవర్నరు వాదించారు. అందులో కొంత నిజముంది. ఆ ధరలు పడిపోయాయి కూడా. కానీ ధరలు పడినప్పుడు ఆదుకోవడానికి ఉండాల్సిన నిల్వ అప్పటికే కరిగిపోయింది.

ఇక 2015 వేసవి. నా లెక్కన ఈ కథలో ఆసక్తికరమైన ఘట్టం ఇది. ఎందుకంటే ఈసారి బేరం గవర్నరుకూ ఆయన సొంత మనుషులకూ మధ్య. బడ్జెట్ లోటు పూడటం లేదు. పన్ను పెంచక తప్పదు. పన్నులు పెంచబోమని ప్రమాణం చేసి గెలిచినవాళ్లే సభ నిండా ఉన్నారు. వ్యాపార లాభాల మీద పన్ను తిరిగి వేద్దామని కొందరంటే, అలాంటి బిల్లు వస్తే వీటో చేస్తానని గవర్నరు ముందే చెప్పేశారు. మరి ఇక మిగిలింది ఏది? అమ్మకం పన్ను. రిపబ్లికన్ సభ్యుల సమావేశానికి గవర్నరు స్వయంగా వెళ్లి బతిమాలారు, మాట్లాడుతూ గొంతు పూడుకుపోయిందని అప్పటి పత్రికలు రాశాయి. సమావేశాలు 113 రోజులు సాగాయి, అప్పటికి రాష్ట్ర చరిత్రలో అదే రికార్డు. జూన్ 12 తెల్లవారుజామున, నాలుగు గంటల వేళ, నిద్రమొహాలతో ఉన్న ప్రతినిధుల సభలో బిల్లుకు సరిగ్గా 63 ఓట్లు పడ్డాయి. ఒక్కటి తగ్గినా పోయేది. అమ్మకం పన్ను 6.15 నుంచి 6.5 శాతానికి పెరిగింది. సిగరెట్ పెట్టె మీద పన్ను అర డాలరు పెరిగింది.

కాన్సాస్‌లో అప్పుడు బియ్యం, పాలు, కూరగాయల మీద కూడా ఇదే పూర్తి రేటు. స్థానిక పన్నులు కలిపితే కొన్ని ఊళ్లలో 9 శాతం దాటేది. అంటే ఆదాయపు పన్నులో వ్యాపారికి వదిలిన డబ్బును సంతలో సరుకు కొనేవాడి దగ్గర వసూలు చేసుకున్నారన్నమాట. ఆ రాత్రి బేరంలో అందరి తరఫునా ఎవరో ఒకరు మాట్లాడారు. కిరాణా కొట్టుకు వెళ్లే మనిషి తరఫున మాట్లాడినవాళ్లు మాత్రం బాగా తక్కువ.

2016లో ఓటర్లు మళ్లీ మాట్లాడారు. మధ్యేమార్గ రిపబ్లికన్లు తిరిగొచ్చారు, డెమోక్రాట్ల బలమూ పెరిగింది. 2017 జనవరిలో గవర్నరు మద్యం, పొగాకు మీద పన్ను పెంచుదాం, సంస్థల నమోదు రుసుము పెంచుదాం అన్నారు. సభ పెద్దగా పట్టించుకోలేదు. ఫిబ్రవరిలో 2012 చట్టాన్ని చాలావరకు వెనక్కి తీసుకునే బిల్లు రెండు సభల్లోనూ గెలిచింది. ఫిబ్రవరి 22న గవర్నరు వీటో చేశారు. అదే రోజు ప్రతినిధుల సభలో 85 మంది వీటోను తోసిపుచ్చారు. కావలసింది 84. కానీ సెనేట్‌లో 24 దగ్గరే ఆగిపోయింది, ఇంకా మూడు కావాలి.

ఆ తేదీ మనలో చాలామందికి మరో కారణంగా గుర్తుంటుంది. ఆ సాయంత్రమే ఒలేతలో ఒక బార్‌లో జాతి ద్వేషంతో ఒకడు కాల్పులు జరిపితే, మన హైదరాబాదు కుర్రాడు, ఒక ఇంజనీరు, ప్రాణాలు పోగొట్టుకున్నాడు. తర్వాత మన పత్రికల్లో కాన్సాస్ అన్న పేరు ఆ విధంగా వచ్చింది. టోపీకాలో ఉదయం నుంచి నడిచిన పన్నుల గొడవ మనదాకా రాలేదు, రావాలని అనుకునే సమయమూ కాదది.

వీటో నిలిచినంత మాత్రాన గవర్నరు గెలిచినట్టు కాలేదు. మార్చి 2న రాష్ట్ర సుప్రీంకోర్టు బడులకు ఇస్తున్న డబ్బు చాలదని తీర్పు చెప్పింది, జూన్ 30లోగా సరిచేయమని గడువు పెట్టింది. ఏప్రిల్‌లో అందరికీ ఒకే రేటు పెడదామని, గవర్నరుకు నచ్చే ఒక బిల్లు సెనేట్‌కు వచ్చింది. దానికి పడినవి మూడే ఓట్లు. ఆయన సొంత పార్టీ సభలో మూడు ఓట్లు! అయినా ఆయన దిగిరాలేదు. జూన్ 5న కొత్త బిల్లు వచ్చింది: మూడు శ్లాబులు, పై రేటు 5.7 శాతం, వ్యాపార లాభాల మినహాయింపు రద్దు. రెండేళ్లలో 120 కోట్ల డాలర్లు వస్తాయని అంచనా. జూన్ 6న గవర్నరు వీటో చేశారు. ఆ రాత్రే ప్రతినిధుల సభ 88 ఓట్లతో, సెనేట్ 27 ఓట్లతో దాన్ని తోసిపుచ్చాయి. సెనేట్‌కు కావలసింది సరిగ్గా 27. 2012లో బేరం పూర్తికాకముందే చట్టమైన బిల్లు, ఐదేళ్ల తర్వాత, గవర్నరు కాదన్నా కొట్టుకుపోయింది.

2018 జనవరిలో బ్రౌన్‌బ్యాక్ అంతర్జాతీయ మతస్వేచ్ఛ రాయబారి పదవికి వెళ్లిపోయారు. ఆ ఏడాది నవంబరులో, ఆ సెనేట్‌లోనే కూర్చున్న డెమోక్రాట్ లారా కెల్లీ గవర్నరుగా గెలిచారు. ఇప్పుడు తారుమారైంది చూడండి. గవర్నరు ఒక పార్టీ, సభ మరో పార్టీ. 2012 జ్ఞాపకాన్ని ఆయుధంగా వాడుకోవడం కెల్లీకి బాగా తెలుసు. 2022లో ఆవిడా రిపబ్లికన్లూ కలిసి ఆహార సరుకుల మీద రాష్ట్ర అమ్మకం పన్నును మెట్లు మెట్లుగా తీసేయడానికి ఒప్పుకున్నారు: 2023లో 4 శాతం, 2024లో 2, 2025 జనవరి 1 నుంచి సున్నా. ఆ 2015 రాత్రి ఎవరి తరఫున మాట్లాడేవాళ్లు కరువయ్యారో, వాళ్లకు చేరిన చట్టం ఇది. రెండు పార్టీలూ ఓటర్ల దగ్గరికెళ్లి ఇది మా పనే అని చెప్పుకున్నాయి. చెప్పుకోనీండి.

2024లో మాత్రం బేరం చివరిదాకా నడిచింది. జనవరిలో రిపబ్లికన్లు అందరికీ ఒకే రేటు పెట్టే బిల్లు పంపారు. ధనవంతులకే లాభం అంటూ కెల్లీ వీటో చేశారు. ప్రతినిధుల సభలో మూడు ఓట్లు తక్కువై వీటో నిలిచింది. ఏప్రిల్‌లో రెండు పార్టీలూ కలిసి ఇంకో బిల్లు చేస్తే, రాష్ట్రం దీన్ని చాలాకాలం మోయలేదంటూ దాన్నీ వీటో చేశారు. ఈసారి సెనేట్‌లో తక్కువైంది ఒక్క ఓటు. ఆఖరికి జూన్ 18న ప్రత్యేక సమావేశం పిలిచారు. అప్పటికే ఇరువైపులా నాయకులు లోపల కూర్చుని ఒక అంకెకు వచ్చి ఉన్నారు. ఒక్క రోజులో పని ముగిసింది. మూడు శ్లాబులు రెండయ్యాయి, 5.2, 5.58 శాతం. వృద్ధుల సోషల్ సెక్యూరిటీ పింఛను మీద రాష్ట్ర పన్ను పోయింది. జూన్ 21న కెల్లీ సంతకం చేశారు. ఒకే రేటు కావాలన్న రిపబ్లికన్లకు అది రాలేదు, తగ్గింపు చిన్నదిగా ఉండాలన్న గవర్నరుకూ అనుకున్నంత చిన్నదిగా దక్కలేదు. వార్తల్లో వీటిని కుమ్ములాటలు, ప్రతిష్టంభన అని రాస్తారు. నాకు మాత్రం 2012 నాటి వేగం కన్నా ఈ నత్తనడకే నయం అనిపిస్తుంది.

మన దగ్గర ఈ తరహా బేరం వేరే గదిలోకి మారింది. 2017 జూన్‌లో టోపీకాలో వీటో కొట్టేస్తున్న నాటికి, ఇక్కడ మనం జి.ఎస్‌.టి.కి రోజులు లెక్కపెట్టుకుంటున్నాం. జూలై 1 నుంచి అది వచ్చింది. సరుకుల మీద పన్ను రేటు నిర్ణయించే మాట మన శాసనసభల నుంచి జి.ఎస్‌.టి. మండలికి వెళ్లింది. అక్కడ మన ఆర్థిక మంత్రులు తోటి మంత్రులతో బేరమాడతారు. పెట్రోలు, డీజిలు, మద్యం, స్టాంపు రుసుములాంటివి ఇంకా మన రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి. వాటి గురించి హైదరాబాదులోనూ అమరావతిలోనూ సభలో ఎంతసేపు చర్చ జరుగుతోందో ఒకసారి గమనించండి.

కాన్సాస్‌లో కథ ఇంకా సాగుతోంది. 2025లో రిపబ్లికన్ల బలం పెరిగిన సభ, ఆదాయపు పన్నును కాలక్రమేణా 4 శాతం దాకా దించే బిల్లు తెచ్చింది. కెల్లీ వీటో చేశారు, సభ తోసిపుచ్చింది. కానీ ఆ చట్టంలో ఒక షరతు ఉంది: రాష్ట్ర రాబడి నిర్ణీత స్థాయిని దాటి, ఆపద నిధి తగినంత నిండితేనే రేటు తగ్గుతుంది, లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. 2012 మేలో బ్రౌన్‌బ్యాక్ సంతకం పెట్టిన చట్టంలో అలాంటి షరతు లేదు.